వలపుపాట మార్చిన వేషములు

మంసాపురమున నిలిచి పడమటికి చూచినచో కనుమల నీలిగోడ కనబడును. ఆ కొండల నీడలో తరతరములుగా కాపురమున్న మన కుటుంబములకు ఇంట తెలుగు, వీథిలో తమిళము. మన పిల్లలలో పలువురకు తెలుగు మాట వచ్చును గాని తెలుగు లిపి రాదు. అట్టి యిండ్లలో భాషను నిలుపుచున్న వానిలో పాట యొకటి. నేడు మన యువకులు గిటారు చేతబట్టి రాక్ బాణీలో ప్రేమగీతములు పాడుచుండగా, పెద్దలు “ఇదియేమి సంగీతము?” అని నొసలు చిట్లించుచున్నారు. ఈ ప్రశ్నకు చరిత్ర యేమి చెప్పునో చూతము.

వలపుపాట ఈ నేలకు క్రొత్తది కాదు. మన పొరుగుననున్న శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి తమిళమున పాడెను. ఆమె వలపు కథనే 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’యను తెలుగు కావ్యముగా రచించెను. 17వ శతాబ్దిలో క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో పదములు కట్టి, మధురలో తిరుమల నాయకుని కొలువునను, తంజావూరున విజయరాఘవ నాయకుని కొలువునను మన్నన లందెను. పదము నడక విలంబము. ఒక్క పల్లవిని పలు విధముల పాడి నాయిక యలుకను, విరహమును చూపుటకు అందు తావు కలదు. 19వ శతాబ్దిలో జావళి వచ్చెను. దాని నడక చురుకైనది, మాట వాడుకకు దగ్గరైనది. జావళీకర్తలలో ప్రసిద్ధుడైన సుబ్బరాయరు తమిళనాటి ధర్మపురి పేరుతోనే పిలువబడెను.

క్షేత్రయ్య నాలుగువేలకు పైగా పదములు రచించెనని చెప్పుదురు. నేడు లభించునవి కొన్ని వందలు మాత్రమే. పాడువారున్న పాట మిగిలెను, లేనిది పోయెను. అట్లు మిగిల్చిన వారిలో వీణ ధనమ్మాళ్ (1867–1938) అగ్రగణ్యురాలు. ఆమె యింటి భాష తమిళము. అయినను తెలుగు పదములను, జావళులను ప్రాణముగా కాపాడి, బృంద, ముక్త, బాలసరస్వతి మొదలగు మనుమరాండ్ర కాలమునకు అందించెను.

పిదప మైక్రోఫోను వచ్చెను. నాటకరంగముపై గాయకుడు కడపటి వరుసవానికి వినబడునట్లు గొంతెత్తి పాడవలసి యుండెను. మైక్రోఫోను ముందు మెల్లని పలుకైనను వేలమంది చెవులకు చేరును. ఈ మార్పును తనదిగా చేసికొన్న మృదుకంఠుడు ఎ. ఎం. రాజా. ఈయన 1929లో చిత్తూరు జిల్లాలో జన్మించి, మదరాసులో చదివి, తెలుగు తమిళములు రెంటను పాడెను. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో చందమామతో మొరపెట్టుకొను యుగళగీతము కలదు. బాణీ ఎస్. రాజేశ్వరరావుది. మాటలు తెలుగున పింగళి నాగేంద్రరావు, తమిళమున తంజై రామయ్యదాస్ వ్రాసిరి. రెండు భాషలలోను పాడినవారు రాజా, పి. లీలలే. ఒకే గొంతు, ఒకే వలపు, రెండు భాషలు: మన యిండ్ల స్థితియు నిదియే కదా!

అమెరికాలో 1956లో రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ‘లవ్ మీ టెండర్’ అను ప్రేమగీతముతో యువకుల మనసు దోచెను. ఆ క్రొత్త పాట బాణీ 1861 నాటి ‘ఆరా లీ’ యను పాతపాటది. రాజాయు సంగీత దర్శకుడై 1959లో ‘కల్యాణ పరిసు’ను, 1960లో దాని తెలుగు రూపమైన ‘పెళ్లి కానుక’ను మన రాగచ్ఛాయలతో తీర్చి, 1961 నాటి ‘తేన్ నిలవు’లో పాశ్చాత్య నృత్యలయను గూడ చేర్చెను. 1989 ఏప్రిల్‌లో, మనకు దక్షిణమున నున్న వళ్ళియూరు స్టేషనులో రైలు ప్రమాదమున ఆయన మరణించెను. పాట మాత్రము మన యిండ్లలో ఆగలేదు.

కావున గిటారును చూచి మనము భయపడ నక్కరలేదు. భయపడవలసినది వేరొకటి కలదు. మన పిల్లలు తెలుగు పాటను తమిళ లిపిలో వ్రాసికొనుచున్నారు. ఆ లిపిలో క, గ లకు వేర్వేరు అక్షరములు లేవు. ‘గాలి’ యని వ్రాసినను ‘కాలి’ యని వ్రాసినను ఒకటే. ఇంట విన్నవాడు సరిగా చదువును. విననివాడు తప్పక తడబడును. పెద్దలు పాడి వినిపించుట మానిన తరమున ఆ రెండు మాటలును ఒకటైపోవును.

ఇక మన పెండ్లి పందిళ్ళలో పెద్దలొక పదమునో జావళినో పాడుదురు గాక. పిల్లలు తమ రాక్ బాణీలోనే యొక తెలుగు ప్రేమగీతము పాడుదురు గాక. ఒకరి పాట ముగియువరకు రెండవవారు లేచిపోకుందురు గాక.