కొలైడర్ డిటెక్టర్లలో ఖాళీ స్థలం: దీర్ఘాయుష్క కణాల అన్వేషణ

1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ ప్రకటించిన మేఘమందిర ఛాయాచిత్రాలలో, శూన్యంగా కనిపించే బిందువు నుంచి రెండు జాడలు ‘వి’ ఆకారంలో చీలిన దృశ్యం ఒకటి ఉంది. విద్యుదావేశం లేని కణమేదో జాడ వదలకుండా కొంత దూరం పయనించి అక్కడ క్షయించిందని వారు గ్రహించారు. నేడు కేయాన్‌గా పిలిచేది దానినే.

1975లో కోలారు బంగారు గనుల న్యూట్రినో ప్రయోగబృందం ప్రకటించిన ఘటనలూ ఈ కోవకు చెందినవే. కొన్ని జాడలు రాతిలో కాక, రాతికీ డిటెక్టర్‌కూ నడుమనున్న గాలిలో మొదలైనట్లు తోచాయి. కొత్త దీర్ఘాయుష్క కణం కావచ్చునన్న ఆ బృందం ఊహను త్వరణయంత్ర ప్రయోగాలు బలపరచలేదు. అయినా ఖాళీ స్థలమే సాక్ష్యం కాగలదన్న సూచన అందులో ఉంది.

ఎల్‌హెచ్‌సీ డిటెక్టర్ల రూపకల్పనకు ఆధారం వేరు. ముఖ్యమైనదంతా సంఘాత బిందువు చెంతనే జరుగుతుందన్న భావనతో వాటిని పొరలు పొరలుగా నిర్మించారు. సెకనుకు 4 కోట్ల సార్లు కణపుంజాలు ఎదురుపడితే, ట్రిగ్గర్ వ్యవస్థ భద్రపరిచేవి వేల సంఖ్యకు మించవు. అసలు చిక్కు ఇదే. కేంద్రం నుంచి వెలువడే జాడలకోసం రాసిన నియమాలకు, దూరాన ఆలస్యంగా పుట్టిన జాడ కేవలం దోషంగా కనిపించవచ్చు. ఒకసారి పారవేసిన దత్తాంశాన్ని ఏ పరిశోధకుడూ తిరిగి వెదకలేడు. అట్లాస్ మ్యువాన్ విభాగంలో గాలి ఎక్కువ కనుక, అక్కడి క్షయాలను పట్టే ప్రత్యేక ట్రిగ్గర్‌లను తర్వాత చేర్చారు.

అయితే కాంతివేగానికి చేరువలో 100 నానోసెకన్లు సాగిన కణం సుమారు 30 మీటర్లు దాటుతుంది. అట్లాస్ వ్యాసం 25 మీటర్లే. అందువల్ల డిటెక్టర్‌ను వెలుపలికి జరపవలసి వచ్చింది. సంఘాత బిందువుకు 480 మీటర్ల దూరంలో, పాత సొరంగంలో నెలకొన్న ఫేజర్ క్షయస్థలం పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు మాత్రమే. అది 2023లో వెలువరించిన తొలి ఫలితాలలో కృష్ణ ఫోటాన్ కనబడలేదు. కొలైడర్‌లో పుట్టిన న్యూట్రినోలు మాత్రం తొలిసారిగా దొరికాయి. వెదికినది ఒకటి, దొరికినది మరొకటి!

మథుస్లా ప్రతిపాదన ఇందుకు భిన్నం. సీఎంఎస్‌కు చేరువలో భూతలంపై, 200 మీటర్ల భుజంగల ఖాళీ మందిరంగా దానిని మొదట ఊహించారు. వ్యయభారంవల్ల ఆ భుజం 100 మీటర్లకు, పిదప 40 మీటర్లకు కుదిరింది. పరికరాన్ని కుదిస్తే పోయేది పరికరం కాదు, కణం క్షయించేందుకు మిగిలిన ఖాళీయే.