ఆకురాయి పట్టిన చెయ్యి

మంటకి కాస్త దగ్గరగా జరగండిరా. ఒరే చిన్నోడా, ఆ ఎండు మట్ట ఇంకోటి పైన వెయ్యి. కోత మిషను కొనడం గురించి అడిగావు కదా, చెప్తా. అయితే ముందు రంపం సంగతి వినాలి. అది వింటేనే మిషను సంగతి నీ బుర్రకెక్కుతుంది.

మా రోజుల్లో దుంగ కొయ్యాలంటే ముందు గుంట తవ్వాలి, మనిషి నిలువు లోతున. గుంట మీద రెండు మొద్దులు అడ్డంగా వేసి, దుంగని దొర్లించుకుంటూ ఎక్కించేవాళ్ళం. నూలుతాడుకి బొగ్గుమసి పట్టించి, రెండు కొసలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే దుంగ మీద తిన్నగా గీత పడేది. పైన ఒకడు, గుంటలో ఒకడు. పైవాడి చూపు గీత మీద ఉండాలి. కిందివాడు కళ్ళలో పొట్టు పడకుండా తల వంచుకుని లాగాలి. పెద్ద పనస దుంగ అయితే ఒక్కదాన్ని పలకలు చేసేసరికే పొద్దు వాలిపోయేది.

మా నాన్న గంజి తాగకముందే మూడంచుల ఆకురాయి పట్టుకుని కూర్చునేవాడు. రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి ఒక్కో పన్నూ రాసేవాడు. తర్వాత ఒక పన్ను కుడికీ, దాని పక్కది ఎడమకీ రవ్వంత వంచేవాడు. అలా వంచకపోతే కోతలో రంపం పట్టేస్తుంది. మొద్దుబారిన రంపానికి బలం పెట్టాలి, బలం పెడితే చెయ్యి జారుతుంది. గుంటలో నిలబడ్డ వాడి ప్రాణం ఆ ఆకురాయిలో ఉందని ఆయన నమ్మాడు. నేనూ అదే నమ్ముతా.

మిషన్లు మన ఉద్దానం ప్రాంతానికి వచ్చింది ఆలస్యంగా. బయటి దేశాల్లో ఎప్పుడో ఉన్నాయి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఆయన 1926లోనే కరెంటుతో తిరిగే గొలుసు రంపం చేశాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ అది పని చేసేది కాదు. పెట్రోలుది 1929లో వచ్చింది. కానీ పలాసలో మిషన్లు బాగుచేసే మేస్త్రి నాకు చెప్పిన సంగతుల్లో నా మనసు పట్టేసింది జో కాక్స్ కథ. ఆయన అమెరికాలో, ఓరెగాన్‌లో కలప కొట్టుకునే మనిషి. అప్పట్లో గొలుసు పళ్ళు కూడా మన రంపం పళ్ళలాగే ఉండేవి, ఊరికే మొద్దుబారేవి. పని కంటే వాటిని రాసుకోవడానికే ఎక్కువ పొద్దు పట్టేది. 1946లో ఒకనాడు ఆయన ఒక మొద్దులో కలపని తొలిచే పురుగుని చూశాడు. పచ్చి కలపని అటూ ఇటూ నోటితో చెక్కుకుంటూ, నారకి అడ్డంగానూ నిలువుగానూ ఒకే తీరున పోతోంది. దాని దవడల వంపు చూసి కుడిపన్ను, ఎడమపన్ను ఉన్న కొత్త గొలుసు చేశాడు. ఇవాళ మన మిషన్ల మీద తిరిగేవి ఆ వంపు పళ్ళ సంతతే. పన్ను లోపల గుండ్రంగా ఉంటుంది కాబట్టే దానికి గుండ్రటి ఆకురాయి కావాలి. మూడంచులది పెట్టావో, పన్ను పాడైపోతుంది.

ఆ ఆకురాయి కూడా ఏదో ఒకటని కుదరదు. గొలుసుని బట్టి 4 మిల్లీమీటర్లదో, 4.8దో, 5.5దో సరిపోయిందే పట్టాలి. పన్ను లోపలి నుంచి బయటికి, ముందుకే తొయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పన్నుకి తగలకూడదు. చాలా గొలుసులకి 30 డిగ్రీల ఏటవాలు. మొదలుపెట్టిన పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టుకో, ఒక్కో పన్నుకి లెక్కగా రెండో మూడో తోపులు. ఒక వైపు ఎక్కువ అరిగితే కోత వంకరపోతుంది. పన్ను ముందు చిన్న ముక్క ఉంటుంది చూశావా? పన్ను ఎంత లోతు కొరకాలో అది చెబుతుంది. మామూలుగా అది పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. తొందరగా తెగుతుందని దాన్ని ఎక్కువ అరగదీసే కుర్రాళ్ళని చూశా. వద్దు నాయనా, అప్పుడు మిషను ఎగదంతుంది.

ఎగదన్నడమంటే ఏమిటంటే, గొలుసు తిరిగే బద్ద కొసలో పై భాగం దేనికైనా తగిలిందనుకో, మిషను రెప్పపాటులో మొహం మీదికి లేస్తుంది. అందుకే చేతి ముందు ఆ అడ్డం పెట్టారు. ఎడమచెయ్యి దాన్ని తోస్తే గొలుసు ఆగిపోతుంది. అది పని చేస్తోందా లేదా అని రోజూ పొద్దున్న చూసుకోవాలి. ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి పట్టుకో. భుజం కంటే ఎత్తుకి మిషను ఎత్తకు.

తిత్లీ తుపాను గుర్తుందా నీకు? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడిమామిడి, పనస అన్నీ నేలమట్టం. ఇంటి పెద్దల్ని పోగొట్టుకున్నట్టు జనం తోటల్లో కూర్చుని ఏడ్చారు. తర్వాత మిషన్లు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు వచ్చారు. లుంగీలు, హవాయి చెప్పులు. కళ్ళకి అద్దాల్లేవు, చెవులకి ఏమీ లేదు. వాళ్ళని చూస్తే నా గుండె దడదడలాడింది. కొబ్బరి మాను బయట ఇనుములా గట్టి, లోపల మెత్తన. అదీ ఇసకలో పడి ఉంది. ఇసక తగిలిన గొలుసు ఒక్క కోతకే మొద్దుబారుతుంది. ముక్కలు ముక్కలుగా రావాల్సిన పొట్టు పిండిలా రాలుతోందంటే పదును పోయినట్టే. వాళ్ళు ఆపలేదు, మిషను మీద ఒరిగి నొక్కుతున్నారు.

పడిన చెట్టు అన్నిటికంటే చెడ్డది. వేర్లతో సహా లేచిన కొబ్బరి మానుని మొదట్లో కోశాడు ఒక కుర్రాడు. బరువు తగ్గగానే వేరుబొద్దు ఒక్క ఊపున లేచి, వేర్లు పెకలిన గుంటలోకి కూలబడింది. అంతకు ముందే ఆ గుంటలో ఆడుకుంటున్న పిల్లల్ని నేను కేకలేసి తరిమాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

దుంగ రెండు కొసలా ఆనుకుని ఉంటే పై భాగం నొక్కుకుని ఉంటుంది. పైనుంచి మూడోవంతు కోసి, తక్కినది కింద నుంచి కొయ్యి. ఒక కొసే ఆనుకుని రెండోది గాల్లో ఉంటే తిరగేసి చెయ్యాలి, ముందు కింద కొంచెం, తర్వాత పైనుంచి. కోసే ముందు దుంగ చుట్టూ ఒకసారి నడిచి చూడు, ఎటు వంగి ఉందో, దేని మీద ఆనిందో. కాళ్ళకి నారపొరలు కుట్టిన ప్యాంట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. గొలుసు తగిలితే ఆ నార చుట్టుకుపోయి మిషను ఆగుతుంది. మిషను కొనే డబ్బులో కొంత దానికీ తీసిపెట్టు, నేనూ ఇస్తాను.

ఇంకొక్క మాట. పని మధ్యలో గొలుసు వేడెక్కి సాగి కిందికి వేలాడుతుంది. అప్పుడు బిగిస్తావు, తప్పదు. కానీ సాయంత్రం దించేటప్పుడు మళ్ళీ వదులు చెయ్యి. చల్లారాక గొలుసు కుంచించుకుపోయి బద్దని పట్టేస్తుంది. చాలామంది దీన్ని మర్చిపోతారు.