కదలట్లేదని పారేయకండి.. పీత చచ్చిపోలేదు, కుబుసం విడుస్తోంది!

నిజామాబాద్, బోధన్ పొలం గట్ల ఎండ్రకాయల్లాగే, ఇంట్లో పెంచుకునే సన్యాసి పీతలూ పెరిగేటప్పుడు ఒంటి మీది గట్టి పొరను విడుస్తాయి. అప్పుడు ఇసుకలో దూరి వారాల తరబడి బయటికి రావు. చచ్చిపోయిందని తవ్వితే ప్రాణానికే ముప్పు.. కొత్త పొర ఇంకా మెత్తగానే ఉంటుంది మరి.

ఏం చేయాలంటే..

* తొట్టిలో కనీసం 15 సెంటీమీటర్ల లోతు తడి ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి వేయాలి.

* లోపల తేమ 75-80 శాతం ఉండాలి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో తొట్టిని నీడలో, మూత పెట్టి ఉంచాలి.

* క్లోరిన్ లేని మంచినీళ్లు, సముద్ర అక్వేరియంలకు వాడే ఉప్పు (మెరైన్ సాల్ట్) కలిపిన నీళ్లు రెండూ పెట్టాలి. వంట ఉప్పు వద్దు.

* విడిచిన పొరను తీసేయొద్దు. కాల్షియం కోసం పీత దాన్నే తింటుంది.

కుళ్లిన చేపల వాసన గట్టిగా వస్తేనే చనిపోయిందని అనుమానించాలి.