ఇంటికి బడి ఎంత దూరం?

మా తమ్ముడు డాలస్‌లో ఇల్లు కొంటున్నాడు. మొన్న ఫోన్ చేసి రెండిళ్ల సంగతి చెప్పాడు. "ఆపా, ఒకటి పెద్దది, తోట కూడా ఉంది. కాని దాని కింద వచ్చే బడికి పదికి ఐదు మార్కులే. ఇంకోటి చిన్నిల్లు, ధర ఎక్కువ. దాని బడికి తొమ్మిది. చిన్నదే తీసుకుంటా" అన్నాడు. పిల్లకింకా నాలుగేళ్లు. అప్పుడే వీడు బడిని పక్కన పెట్టి ఇంటిని తూకం వేస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే 1993 జనవరి గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

అక్కడి పద్ధతి అది. పిల్ల ఏ సర్కారు బడికి పోవాలో చాలాచోట్ల ఇంటి అడ్రసే తేలుస్తుంది. బడి ఖర్చులో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్ల పన్నుల్లోంచి వస్తుంది. ఖరీదైన ఇళ్లుంటే మంచి బడి, మంచి బడి ఉంటే ఇళ్లు ఇంకా ఖరీదు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో మసాచుసెట్స్ ఇళ్ల ధరలను బళ్ల సరిహద్దు గీతకు అటూ ఇటూ పెట్టి చూసింది. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేల్చింది.

ఆ దేశంలోనే టొపీకా ఊళ్లో లిండా బ్రౌన్ అనే నల్లపిల్ల ఉండేది. ఇంటికి ఏడు వీధుల దూరంలో తెల్లపిల్లల బడి. ఆ పిల్లను అక్కడ చేర్చుకోలేదు. బస్సెక్కి దూరంగా ఉన్న నల్లపిల్లల బడికి పొమ్మన్నారు. తండ్రి కోర్టుకెక్కాడు. 1954లో సుప్రీంకోర్టు బళ్లలో ఈ వేర్పాటు చెల్లదంది. అయితే బడి తలుపు తెరిచినంత మాత్రాన వీధి తలుపు తెరుచుకోదు. అందుకే 1968లో ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి, మతం చూడకూడదని వేరే చట్టం చేయాల్సొచ్చింది. బడి, ఇల్లు రెండూ ఒకే తగాదా అని వాళ్లకు తెలిసింది. మనకు తెలిసిందా?

మా సంగతి చెప్తాను. మాది చిత్తూరు. సాయిబులనగానే మమ్మల్ని నవాబుల వారసుల కింద కడతారు. ఈ నేల మీద నవాబులున్న మాట నిజమే. చంద్రగిరి కోట 1646లో గోల్కొండ చేతికొచ్చింది. 1758 నాటికి అందులో ఆర్కాటు నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఉన్నాడు. కోట చేతిలో ఉంది కాబట్టి తిరుపతికి కూడా నేనే కాపుదారుణ్ణి అన్నాడు. 1782లో హైదరలీ చంద్రగిరిని పట్టాడు. అదే ఏడు డిసెంబరులో చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో కన్నుమూశాడు. 1801లో ఆర్కాటు రాజ్యం కుంపిణీ పరమైంది. పాఠాల్లో మా చరిత్ర ఇంతే. ఆ తర్వాత మేమేమయ్యామో ఏ పాఠంలోనూ లేదు.

మా దాదా జట్కా తోలేవాడు. కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో పడింది. అంతకు ముందూ ఆ తర్వాతా తిరుపతి స్టేషన్ దగ్గర యాత్రికులను ఎక్కించుకుని అలిపిరిలో దించేవాడు. గుండు గీయించుకొని వచ్చినవాళ్లను మళ్లీ స్టేషన్ చేర్చేవాడు. ఆయనకు ఏ కోటా లేదు. వేలిముద్ర ఒకటుండేది.

బళ్ల చరిత్ర చూద్దాం. 1896లో తిరుత్తణి నుంచి ఒక బ్రాహ్మణ కుటుంబం తమ ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి తిరుపతిలో చదువుకు పెట్టింది. చేర్చింది జర్మన్ల లూథరన్ మిషన్ బడిలో. ఆ పిల్లవాడు 1900 దాకా అక్కడే చదివాడు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్. వెంకన్న పాదాల దగ్గర కిరస్తానీ బడి, అందులో బ్రాహ్మణ పిల్లవాడు, ఆయనే తర్వాత దేశానికి రాష్ట్రపతి! బడిది వేరే మతమైతే ఏమీ కాలేదు. బడి బాగుందా లేదా అన్నదే చూశారు. అట్లా చూడగలగడమే ఒక ఆస్తి. అది అందరికీ లేదు.

మాకు దొరికింది వేరే దారి. ముస్లిములు చదువులో వెనకబడ్డారని మద్రాసు ప్రభుత్వం 1872లో హిందూస్తానీ నేర్పే ప్రత్యేక బళ్లు, తరగతులు పెట్టమంది. 1882లో వేసిన హంటర్ కమిషన్ కూడా ముస్లిముల చదువుకు ప్రత్యేక సాయం కావాలంది. మంచిదే. ఇంట్లో మాట్లాడే భాష బడిలో వినిపిస్తే పిల్లకు బెదురు తగ్గుతుంది. మాలపల్లెల సంగతి వేరు. ఊరిబడి వాళ్లను రానివ్వలేదు కాబట్టి లేబర్ కమిషనర్ 1920ల్లో వాళ్లకు వేరే బళ్లు పెట్టాల్సొచ్చింది. మాకు భాష పేరున, వాళ్లకు అంటు పేరున. కారణాలు వేరైనా చివరికి జరిగిందొకటే. ఎవరి వీధిలో వాళ్ల బడి. పునాది అట్లా పడింది.

1966లో కొఠారీ కమిషన్ పొరుగుబడి రావాలంది. కలెక్టరు కొడుకూ, బంట్రోతు కొడుకూ ఇంటి దగ్గరున్న ఒకే బడికి పోవాలన్న ఆలోచన అది. ఎంత మంచి ఆలోచన! కాని పొరుగే లేని చోట పొరుగుబడి ఏం చేస్తుంది?

మాకు పొరుగు ఉండేది. చిత్తూరులో మేమున్న వీధిలో అన్ని కులాలవాళ్లూ ఉండేవాళ్లు. రెండు సందుల అవతల మున్సిపల్ బడి. నేను అక్కడే ఐదు దాకా చదివాను. తమ్ముడూ అక్కడే నాలుగో తరగతి. ఉగాది పచ్చడి మా ఇంటికొచ్చేది, రంజాను సేమియా వాళ్ల ఇళ్లకు పోయేది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. మా వీధిలో ఎవరూ రాయి వేయలేదు. ఎవరూ పొమ్మనలేదు. పలకరింపు తగ్గింది, అంతే. సాయంత్రం అరుగుమీద మాటలు మేం రాగానే ఆగేవి. అమ్మీకి నిద్ర పట్టేది కాదు. జనవరిలో అబ్బా ఇల్లు ఖాళీ చేసి మసీదు వీధిలో చిన్నిల్లు అద్దెకు తీసుకున్నాడు. "మనోళ్ల మధ్య ఉంటే ధైర్యం" అన్నాడు. ఆయన తప్పని నేననను.

అయితే దానికి ఖర్చు పెట్టింది తమ్ముడు. కొత్త వీధికి దగ్గర ఉర్దూ బడి. వీడికి ఇంట్లో దఖ్నీ మాట్లాడ్డం వచ్చు, ఉర్దూ రాయడం రాదు. తెలుగు ఎక్కాలు, తెలుగు వాచకంతో నాలుగో తరగతికి వచ్చినవాడు మళ్లీ అలిఫ్ బే దగ్గర కూర్చున్నాడు. ఒక టీచరు, ఐదు తరగతులు. ఆయన మంచివాడే, ఒక్కడే ఏం చేస్తాడు? వీడికి ఒక ఏడాది పోయింది. ఆ పిల్లవాడే ఇవాళ డాలస్‌లో బడికి మార్కులు చూసి ఇల్లు కొంటున్నాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు.

నేను గవర్నమెంటు బడిలో టీచర్నయ్యాను. 2008లో చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చాం. 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది మొదలు తిరుపతి పెరుగుతూనే ఉంది. చదువు కోసం ఇల్లు మారేవాళ్ల ఊరది. నా కూతురు మూడో తరగతి. నేనూ కాగితం మీద గీతలు గీశాను. బడి ఎంత దూరం? దారిలో పెద్ద రోడ్డు దాటాలా? ఎంతమంది టీచర్లు? ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా? ఆటస్థలం ఉందా? ఉర్దూ నేర్పేవాళ్లున్నారా? ఆ లెక్కన మూడు బళ్లు ఎంచుకుని, వాటి చుట్టుపక్కల ఇళ్లు వెతికాం.

పదకొండు ఇళ్లు చూశాం. కొన్నిటికి బోర్డే ఉంది, శాకాహారులకు మాత్రమే అని. పుణ్యక్షేత్రం, వాళ్ల ఆచారం వాళ్లది అనుకున్నాం. బోర్డు లేనివాళ్లు ఇల్లంతా చూపించారు, నీళ్ల సంగతీ చెప్పారు, అద్దె కూడా తేలింది. చివర్లో "పేరేం మేడం?" అన్నారు. పేరు చెప్పాం. "మాకేం లేదు మేడం, మీరు మంచోళ్ల మాదిరే ఉండారు. పక్కింటోళ్లు ఏమనుకుంటారో అనీ..." అదే రకం ఇల్లు, అదే వీధిలో, మాంసం తినే మా హెడ్మాస్టరు గారికి నెల తిరక్కుండా దొరికింది. అప్పుడర్థమైంది, అడ్డం కూరది కాదు, పేరుది.

చివరికి మా వాళ్ల వీధిలోనే దిగాం. నేను ఎంచుకున్న మూడు బళ్లూ దూరమయ్యాయి. పాప రోజూ కిక్కిరిసిన ఆటోలో రెండున్నర కిలోమీటర్లు పోయేది. నా కాగితంలో మొదటి గీత ఏదై ఉండాలో నాకప్పుడు తెలిసింది. బడి దూరం కాదు. ఆ వీధి మమ్మల్ని రానిస్తుందా అన్నది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక ఇదే చెప్పింది. కోరుకున్న చోట ముస్లిములకు ఇల్లు దొరకడం లేదని, గుంపుగా ఒకచోటే ఉండాల్సొస్తోందని, ఆ చోట్ల బళ్లు తక్కువని రాసింది. మా పిల్లలంతా మదర్సాలకే పోతారని పెద్ద ప్రచారం కదా, బడి వయసు పిల్లల్లో మదర్సాకు పోయేది 3 శాతమేనంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో పాతిక శాతం దాకా అసలు బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని కూడా చెప్పింది. మదర్సా గురించి మాట్లాడేవాళ్లు ఈ పాతిక శాతం గురించి మాట్లాడరెందుకు?

2010 ఏప్రిల్ నుంచి విద్యాహక్కు చట్టం వచ్చింది. ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలంది. సంతోషం. చట్టం ఇంటి నుంచి బడికి దూరం కొలిచింది. మా ఇల్లు అక్కడే ఎందుకుందో అడగలేదు. 2022లో మన రాష్ట్రంలో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలపబోతే తల్లులు రోడ్డెక్కారు. చిన్నపిల్లలు పెద్ద రోడ్లు దాటాలి కదా! తల్లులకు దూరం మీటర్లలో కాదు, భయంలో కొలవాలని తెలుసు.

ఇంటి విషయంలో చట్టం ఇంకా నీరసం. ఒక మతంవాళ్లకే ఇళ్లు అమ్మాలన్న హౌసింగ్ సొసైటీ నియమాన్ని 2005లో పార్సీల కేసులో మన సుప్రీంకోర్టు నిలబెట్టింది. వాళ్లు చిన్న సమాజం, వాళ్ల భయం నాకర్థమవుతుంది. కాని అదే తాళం పెద్ద సమాజం చేతిలో ఉంటే మేమెక్కడికి పోవాలి?

మా తప్పులూ చెప్పుకోవాలి. నాలుగు డబ్బులొచ్చిన సాయిబు కూడా గల్లీ బడిలో పిల్లను వేయడు. "అక్కడ వాతావరణం బాగుండదు" అంటాడు. వాతావరణం అంటే ఏమిటి? పేద పిల్లలు, మాలమాదిగ పిల్లలు, మనలో దూదేకుల పిల్లలు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనమూ కులం వాసన పడుతున్నాం. స్టాఫ్‌రూములో "మీ బడికి ఎట్లాంటి పిల్లలొస్తారు మేడం?" అని నన్నడిగినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మన ముఖాన వేసిన తలుపే మనం ఇంకొకరి ముఖాన వేస్తే అడిగే నోరెక్కడిది?

2014లో మేం ఇల్లు కొన్నాం. ఒక రిటైర్డు పంతులుగారు పేరు విని, "పిల్లలుండారా? బడి రెండు వీధుల అవతలే" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అట్లాంటివాళ్లూ ఉన్నారు కాబట్టే ఈ ఊళ్లో ఉన్నాం. కాని అప్పటికి పాప తొమ్మిదో తరగతి. బడి దగ్గర ఇల్లు దొరికేసరికి ఆ బడి వయసు దాటిపోయింది.

మాకు దయ అక్కర్లేదు. ప్రతి వీధిలోనూ తరగతికొక టీచరున్న సర్కారు బడి కావాలి. ఉర్దూ మా వీధి బడిలోనే కాదు, తెలుగు బడిలోనూ ఒక సబ్జెక్టుగా ఉండాలి, అప్పుడు భాష కోసం వీధి మారక్కర్లేదు. పేరు చూసి ఇల్లు లేదనడం తప్పని రాసిన చట్టం కావాలి.

తమ్ముడికి ఇదంతా చెప్పలేదు. ఒకటే అడిగాను, "ఆ వీధిలో మనోళ్లెవరైనా ఉన్నారా?" అని. నా నోటెంట మొదట వచ్చింది ఆ ప్రశ్నే. కాసేపు వాడు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "అది చూసుకున్నాకే ఆపా, మార్కులు చూశాను."