సారథికి దారి, సహయాత్రికునికి చలనచిత్రం

మోటారు కారు ముందుభాగంలో చిత్రాలు చూపే తెర స్థానం సంపాదించుకున్ననాటి నుండి దాని ఎదుట ఇద్దరు ప్రేక్షకులు ఆసీనులై ఉన్నారు. వారిలో ఒకరికి వినోదమైనది మరొకరి చేతిలో ప్రమాదకారణం కాగలదు. 1986లో అమెరికాలో బ్యూయిక్ రివియెరా స్పర్శకు స్పందించే తెరను ప్రవేశపెట్టినప్పుడు ఈ వైరుధ్యం ఎవరినీ బాధించలేదు. అది చూపగలిగినవి అంకెలు, అక్షరాలు, సరళరేఖాచిత్రాలు మాత్రమే. 1990లో జపాన్‌లో వెలువడిన మాజ్డా వారి యూనోస్ కాస్మోలో మాత్రం ఉపగ్రహాధారిత మార్గపటమూ టెలివిజనూ ఒకే తెరను పంచుకున్నాయి. వాహనస్థితికీ మార్గానికీ సంబంధించిన సమాచారం తప్ప టెలివిజన్ దృశ్యాలేవీ చోదకుని దృష్టిపథంలో పడరాదని బ్రిటన్‌లో 1986 నాటి వాహన నిబంధనలు శాసించాయి; కాలిఫోర్నియా వాహనస్మృతి సైతం ఇదే దిశలో నడిచింది. దీనికి తయారీదారులు కనుగొన్న సులభోపాయం, కారు కదలగానే చిత్రప్రదర్శనను నిలిపివేయడం. అది శాసనాన్ని సంతృప్తిపరచింది గానీ, పక్క సీటులోని నిరపరాధిని కూడా శిక్షించింది.

ఇద్దరికీ న్యాయం చేయగల విధానం నిజానికి వాహనాల కోసం పుట్టినది కాదు. ఛాయాచిత్రానికి లోతు కల్పించాలన్న పంతొమ్మిదవ శతాబ్దపు ఆకాంక్షే దానికి మూలం. ఒకే మనిషి రెండు కన్నులకు రెండు భిన్నచిత్రాలు అందితే మనస్సు వాటిని సమన్వయించి ఘనరూపాన్ని గ్రహిస్తుంది; అందుకు రెండు చిత్రాలనూ సన్నని నిలువు పట్టీలుగా విభజించి, ఒకదాని సరసన మరొకదానిని పేర్చి, వాటి ముందు చీలికలు గల అడ్డుఫలకాన్ని నిలిపితే చాలునని ఫ్రాన్స్‌లో ఆగస్ట్ బెర్తియే 1896లో వివరించగా, అమెరికాలో ఫ్రెడరిక్ ఐవ్స్ 1903లో పేటెంటు పొందాడు. దడి సందులోంచి చూసేవానికి తాను నిలిచిన చోటును బట్టి పెరటిలోని వేర్వేరు భాగాలు కనబడినట్లే, ఆ చీలికల గుండా ఒక్కొక్క కంటికి ఒక్కొక్క వరుస పట్టీలే గోచరిస్తాయి. కీర్తిలో సింహభాగం ఐవ్స్‌కే దక్కింది. అది బొత్తిగా అన్యాయమని కూడా అనలేము; ఊహను వస్తువుగా మలచడం తక్కువ పని కాదు.

ఆ సూత్రాన్ని ద్రవస్ఫటిక తెరకు అన్వయించినవారిలో జపాన్‌కు చెందిన షార్ప్ సంస్థ, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న దాని పరిశోధనశాల అగ్రగణ్యాలు. 2002లో అద్దాలు ధరించనక్కరలేని త్రిమితీయ చిత్రాలతో చరవాణిని విడుదల చేసిన ఆ సంస్థ, మూడేళ్లకే ప్రశ్నను తిరగవేసింది: ఒకరి రెండు కళ్లకు బదులు ఇద్దరు మనుషులకు రెండు దృశ్యాలు ఇవ్వరాదా? మన కన్నుల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి మధ్య ఎడం అంతకు ఎన్నో రెట్లు. కోణం విస్తరించిన కొద్దీ అడ్డుఫలకాన్ని తెరలోని బిందువులకు మరింత చేరువగా తేవలసి ఉంటుంది గనుక, కాగితంపై సులువైన ఈ మార్పు కర్మాగారంలో కఠినపరీక్షగా పరిణమించింది. 2005 జులైలో షార్ప్ ఈ తెరల భారీ ఉత్పత్తిని ప్రకటించింది.

విలాసవాహనాలలో ఈ ద్విదృశ్య తెర వైభవకాలం 2009లో ఆరంభమైంది. మెర్సిడెస్ ఎస్-క్లాస్, జాగ్వార్ ఎక్స్‌జే, రేంజ్ రోవర్ ఆ ఏడాదే దానిని స్వీకరించాయి. వీటిలో చివరి రెండింటి యాజమాన్యం అంతకు ముందటి ఏడాదే టాటా మోటార్స్ చేతికి వచ్చింది. సారథి మార్గపటం చూస్తుండగా, పక్కనున్నవారు తీగలేని హెడ్‌ఫోన్లు ధరించి అదే తెరపై సినిమా చూడవచ్చు.

ఇంతటి చాతుర్యం సర్వత్రా వ్యాపించకపోవడానికి కొంత కారణం ఆ నిర్మాణంలోనే ఉంది. ఉన్న బిందువులను ఇద్దరికీ పంచడంతో ఒక్కొక్కరికి సగం స్పష్టతే మిగిలింది. అడ్డుఫలకం కాంతిని హరించింది. సరిగ్గా మధ్యనుండి చూసేవారికి రెండు దృశ్యాలూ కలగాపులగమయ్యాయి. అయితే ఈ లోపాలు కాలక్రమంలో తగ్గించదగినవే. అంతకంటె బలమైన ప్రతికూలత వెలుపలి నుండి వచ్చిందని నా అభిప్రాయం. 2010లో ఐప్యాడ్ విడుదలైంది, స్మార్ట్‌ఫోన్ ప్రతి చేతికీ చేరింది. సొంత తెరతోనే కారెక్కే ప్రయాణికునికి సారథి తెరలో వాటా అక్కరలేకపోయింది. తెరలు చౌకబడటంతో తయారీదారులకు కూడా ఒకే ఫలకాన్ని పంచవలసిన అగత్యం తప్పింది.

పాత సమస్య మాత్రం తప్పలేదు. 2021లో వచ్చిన మెర్సిడెస్ ఈక్యూఎస్‌లో పక్కసీటుకు వేరే తెర అమర్చి, సారథి చూపు అటు మళ్లుతున్నదని కెమెరా పసిగడితే అక్కడి చలనచిత్రం మసకబారే ఏర్పాటు చేశారు. 2023 నాటి పోర్షే కయెన్ ప్రత్యేకమైన పొరతో ఆ తెరను చోదకునికి కనబడకుండా చేసింది. మొదటిది మనిషి చూపును కనిపెట్టి ఉంటుంది, రెండవది కాంతి మార్గాన్ని మాత్రమే నిర్దేశిస్తుంది. ఐవ్స్ వారసత్వం ఈ రెండవదానిదే.