బ్రిడ్జ్: భాగస్వామి బిడ్‌కు జవాబు

కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌లో భాగస్వామి వేలం తెరిచాక అదే జట్టులోని రెండో ఆటగాడు చేసే బిడ్‌ను రెస్పాన్స్ అంటారు. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేకలో మొత్తం 40 పాయింట్లుంటాయి. వేలం తెరిచినవారి చేతిలో సాధారణంగా 12కు తగ్గవు. గేమ్ అనే బోనస్ కాంట్రాక్ట్‌కు ఇద్దరికీ కలిపి సుమారు 25 కావాలి. జవాబు లెక్కలన్నీ ఈ రెండు అంకెల నుంచే పుడతాయి. ‘ఒక ఇస్పేటు’ అన్న భాగస్వామికి అయిదు ఇస్పేట్లున్నాయనుకునే పద్ధతిలో, మూడు ఇస్పేట్లు, 6–9 పాయింట్లు ఉన్నవారు ‘రెండు ఇస్పేట్లు’ అంటారు. కొత్త రంగు చెప్పడానికి ఒకటో మెట్టులో కనీసం 6, రెండో మెట్టులో 10 ఉండాలి. దానికి పైహద్దు లేదు కనుక, వేలం తెరిచినవారు మళ్లీ మాట్లాడవలసిందే.

ఆరు పాయింట్లతో నోరు విప్పడం దండగన్న ఆక్షేపణ నిలవదు. అవతల 19 ఉంటే, పాస్ చెప్పడం వల్ల గేమే చేజారుతుంది. ముక్కల పంపకం అదృష్టమేగా అన్నది మరో ఆక్షేపణ. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రమ్మీ కేసులో 1960ల చివర సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించి, అందులోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలో ఉండేటటువంటిదేనని పోల్చింది. పంపకంతో అదృష్టం పాత్ర చాలావరకు ముగుస్తుంది. జట్టు నైపుణ్యానికి తొలి పరీక్ష జవాబే.