పైకప్పుకి తగిలి ఆగే మెట్లు

శాన్‌హోజేలో సాంటానా రో దుకాణాలకు ఎదురుగా, వించెస్టర్ బులెవార్డ్ మీద ఓ పాత చెక్క భవంతి ఉంది. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు చుట్టాలొస్తే చూపించే చోట్లలో అదొకటి. లోపల ఒకచోట మెట్లు ఎక్కుతూ పోతే తల పైకప్పుకి తగులుతుంది. అక్కడితో సరి, దారి లేదు. ఇంకోచోట పై అంతస్తులో తలుపు తీస్తే ఎదురుగా గాలి, కింద తోట. కొన్ని కిటికీలు తెరిస్తే పక్క గదిలోకి తెరుచుకుంటాయి. మొత్తం 160 గదులు, 47 మెట్ల వరసలు, 47 నిప్పుగూళ్లు. ఇలాంటి ఇల్లు ఎవరైనా ఎందుకు కడతారు?

అక్కడ టికెట్టు కొన్నవాళ్లకు వందేళ్లుగా వినిపిస్తున్న జవాబు ఇదీ. వించెస్టర్ రైఫిళ్ల కంపెనీ వారి కోడలు శారాకు పసిబిడ్డ పోయింది, తరవాత భర్త పోయాడు. బోస్టన్‌లో ఆత్మలతో మాట్లాడే మీడియం దగ్గరికి వెళితే, మీ తుపాకులకు బలైనవాళ్ల ఆత్మలు నిన్ను పీడిస్తున్నాయి, పడమటికి పోయి వాటికోసం ఇల్లు కట్టు, సుత్తి చప్పుడు ఆగిన రోజు నీకు చావే అన్నాడట. అందుకే ఆమె 38 ఏళ్లు రాత్రింబవళ్లు కట్టిస్తూనే ఉందట. దెయ్యాలను దారి తప్పించడానికే ఆ మెట్లూ ఆ తలుపులూ అట.

ముందు లెక్క చూద్దాం. శారా చనిపోయింది 1922 సెప్టెంబర్ 5న. అక్కడినుంచి 38 ఏళ్లు వెనక్కి పోతే 1884. ఆ ఏడు ఆమె ఇంకా పుట్టినూరు న్యూ హేవెన్‌లోనే ఉంది. శాన్‌హోజే పక్కన 45 ఎకరాల పొలం, అందులో ఎనిమిది గదుల రైతు ఇల్లు ఆమె కొన్నది 1886లో. ఇల్లు చేతికి రాకముందే రెండేళ్ల పని జరిగిపోయిందన్నమాట! చిన్న తప్పే. కానీ కథకు ఆధారం కాగితాలు కాదు, నోటిమాట అని అది పట్టిస్తుంది.

ఇక 1886కు ముందు ఆమె ఇంట్లో ఏం జరిగిందో చూడాలి. 1862లో విలియం వించెస్టర్‌తో పెళ్లయింది. 1866లో పుట్టిన కూతురు యానీ కొన్ని వారాలకే కన్నుమూసింది. ఆ తరవాత చాలా ఏళ్లు పెద్ద కష్టం లేదు. 1880లో తల్లి పోయింది, ఆ డిసెంబర్‌లోనే మామగారు ఆలివర్ వించెస్టర్. మూడు నెలలు తిరక్కుండా 1881 మార్చిలో క్షయతో భర్త. 1884లో అక్క మేరీ. నాలుగైదేళ్లలో ఇన్ని చావులు చూసిన మనిషికి ఆ ఊళ్లో ఉండాలనిపించకపోవడానికి మీడియం చెప్పనక్కర్లేదు. పైగా అప్పటికే కీళ్లవాతం మొదలైంది. న్యూ ఇంగ్లండ్ చలి దానికి పగ. దేశం ఆ చివరికి రైలు మార్గం పడి అప్పటికి పదిహేనేళ్లు దాటింది.

దెయ్యాల కథలో శారా ఎప్పుడూ ఒంటరి, నల్లబట్టల విధవ. కథ చెప్పేవాళ్లు కావాలనే వదిలేశారో, అక్కర్లేదనుకున్నారో గానీ, చెల్లెలు ఇసబెల్ మెరిమన్ కుటుంబం కూడా కాలిఫోర్నియాకే తరలివచ్చింది. వాళ్లకోసం లాస్ ఆల్టోస్‌లో శారాయే భూమి, ఇల్లు కొనిపెట్టింది. చెల్లెలి కూతురు మారియన్, ముద్దుపేరు డైజీ, 1903లో పెళ్లయ్యేదాకా ఏళ్ల తరబడి ఈ పెద్దమ్మ దగ్గరే ఉంది. ఎనిమిది గదుల ఇంట్లోకి వచ్చింది అమ్మాయినీ, వచ్చిపోయే తోబుట్టువుల్నీ కలుపుకున్న సంసారం. గదులు కలిపించడం మొదలైంది అక్కడే.

ఆ కలిపించడం ఎలా సాగిందో ఇల్లే చెబుతుంది. గదిలోంచి గదిలోకి తెరుచుకునే ఆ కిటికీలు ఒకప్పుడు బయటి గోడకు పెట్టినవి. మన ఊళ్లలో పాత పెంకుటింటికి ఈ కొడుకు పెళ్లికో గది, ఆ కొడుకు పెళ్లికో వసారా కలుపుకుంటూ పోతే వీధి కిటికీ నడింట్లోకి వచ్చి కూర్చోదూ, అలాగే. మొదటి రైతు ఇల్లు ఎక్కడా కూల్చలేదు. చుట్టూ కట్టిన గదులు దాన్ని మింగేశాయి. ఇల్లు లోతు పెరిగేకొద్దీ నడిమి గదులకు వెలుగు తగ్గుతుంది. అందుకే ఇంట్లో అన్ని చోట్ల పైకప్పుకి అద్దాలు, కొన్నిచోట్ల నేలకు కూడా.

మొదట్లో ఆర్కిటెక్టుల్ని పెట్టుకుంది, మానేసి తానే గీసుకుంది. సరదాకు పుట్టిన పట్టుదల కాదది. తండ్రి లెనర్డ్ పార్డీ న్యూ హేవెన్‌లో చెక్కపని కార్ఖానా నడిపినవాడు. రంపపు పొట్టు వాసన తెలిసి పెరిగిన పిల్ల. అక్కడ మామగారి భవంతి కట్టే రోజుల్లో ఆ పని కొత్తజంట కళ్ల ముందే నడిచింది. నా మటుకు నాకు ఈ ఒక్క సంగతి మీడియం కథ మొత్తం కన్నా ఎక్కువ బరువు తూగుతుంది. బోలెడు డబ్బు, చేతినిండా తీరిక, ఇష్టమైన విద్య. కట్టింది నచ్చకపోతే విప్పించి మళ్లీ కట్టించింది.

కోళ్లు కూడా ఎక్కగలిగేంత పొట్టి మెట్ల వరస ఒకటి ఉంది. 44 మెట్లు, ఏడు మలుపులు. ఇంతా ఎక్కితే చేరేది సుమారు తొమ్మిదడుగుల ఎత్తు. ఒక్కో మెట్టు రెండు, రెండున్నర అంగుళాలే. దెయ్యాలు మలుపుల దగ్గర తికమక పడతాయని దీనికీ ఓ వివరణ ఉంది. మోకాలు మడవలేని మనిషిని ఎవర్నైనా ఆ మెట్ల ముందు నిలబెట్టి అడగండి, చెబుతారు.

అసలు ముడి మాత్రం పైకప్పుకి తగిలే మెట్లూ, గాల్లోకి తెరుచుకునే తలుపూ. దీనికి తాళంచెవి పాత ఫొటోల్లో ఉంది. 1906కు ముందు తీసిన ఫొటోల్లో ఈ ఇంటికి ఏడంతస్తుల గోపురం కనిపిస్తుంది. ఇప్పుడు ఇంటి ఎత్తు నాలుగంతస్తులే. మిగతావి ఏమయ్యాయి? 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్‌ఫ్రాన్సిస్కోను నేలమట్టం చేసిన భూకంపం శాన్‌హోజేనూ వదల్లేదు. గోపురం కూలింది, పై అంతస్తులు దెబ్బతిన్నాయి. శారా శిథిలాలు తీయించింది గానీ తిరిగి కట్టించలేదు. పై అంతస్తు పోయాక దానికి ఎక్కే మెట్లు కప్పుకి తగలక ఏం చేస్తాయి? అవతలి గదో బాల్కనీయో పోయాక తలుపు గాల్లోకి కాక ఎక్కడికి తెరుచుకుంటుంది? దెబ్బతిన్న ముందరి గదుల్ని మూయించేసి, ఆ తరవాత ఆమె ఎక్కువగా ఆథర్టన్‌లోని ఇంట్లో గడిపింది. అంటే మనం ఇవాళ వింతగా చూసేది ఆమె వేసిన పథకం కాదు, మరమ్మతు వదిలేసిన ఇల్లు.

మరి ఒక్కరోజూ ఆగని సుత్తి మాట? దాన్ని ఆమె రాతే కొట్టేస్తుంది. అలసిపోయి, చలికాలమంతా విశ్రాంతి తీసుకుందామని పనివాళ్లందర్నీ పంపించేశానని ఆడపడుచు జెన్నీ బెనెట్‌కు ఉత్తరం రాసింది. ఆమె ఉత్తరాలు, లాయరు ఫ్రాంక్ లీబ్ దగ్గరి కాగితాలు వరసపెట్టి చదివి మేరీ జో ఇగ్నాఫో 2010లో శారా జీవితచరిత్ర రాసింది. నెలల తరబడి పని ఆగిన కాలాలు అందులో కనిపిస్తాయి. మీడియం సంగతీ ఇగ్నాఫో ఆరా తీసింది. కథలో వినిపించే పేరు ఆడం కూన్స్. ఆనాటి బోస్టన్ జాబితాల్లో ఆ పేరు గల మీడియం తగల్లేదు. ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది 1967లో అచ్చయిన ఓ దెయ్యాల పుస్తకంతో.

అలాగని మొత్తం కథ శారా పోయాక పుట్టిందని కూడా అనలేం. 1895లోనే ఊరి పత్రిక, పని ఆపితే చస్తానని ఆవిడ భయపడుతోందట అని రాసింది. ఊరివాళ్లతో రాకపోకలు లేని డబ్బున్న ఆడమనిషి, ఇంటర్వ్యూ అడిగితే ఇవ్వదు, ఇంటి పని చూస్తే తెమలదు. గుసగుసలకు అంతకన్నా ఏం కావాలి? బర్లింగేమ్ దగ్గర నీటిమీద ఇల్లొకటి కట్టించుకుంటే, రెండో ప్రళయానికి ఓడ కట్టిందన్నారు. ఆ రోజుల్లో పడవ ఇళ్లు అక్కడి ధనవంతుల ముచ్చట.

తుపాకుల పాపం ఆమెను నిజంగా అంత పీడించి ఉంటే డబ్బు పోయిన దారిలో దాని జాడ కనిపించాలి. కనిపించేది వేరు. భర్తను మింగిన క్షయ మీదకు పోయింది డబ్బు. అతని పేర న్యూ హేవెన్ పక్కన క్షయ ఆసుపత్రికి పది లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. అది 1918లో తెరిచారు. యేల్ న్యూ హేవెన్ ఆసుపత్రిలో వించెస్టర్ చెస్ట్ క్లినిక్ పేరు ఇప్పటికీ ఉంది.

దెయ్యాలు ఎవరికి లాభించాయో కూడా చూడాలి కదా. విల్లులో శారా ఈ ఇంటి ప్రస్తావనే చేయలేదు. సామాన్లు డైజీకి రాసింది, ఆ పిల్ల వేలం వేయించింది. భూకంపానికి దెబ్బతిన్న ఇంటికి వెలకట్టేవాళ్లు విలువే లేదన్నారు. వినోద పార్కుల వ్యాపారం తెలిసిన జాన్ బ్రౌన్, భార్య మేమీ దాన్ని అద్దెకు తీసుకుని 1923 జూన్ 30న జనానికి తెరిచారు. శారా పోయి ఏడాదైనా కాలేదు. మరుసటి ఏడే ఇంద్రజాలికుడు హుడీనీ వచ్చి చూసివెళ్లాడు. అరిగిన మోకాళ్లకు మెట్లు కట్టించుకున్న పెద్దావిడ అంటే టికెట్లు అమ్ముడవుతాయా?

అన్ని ఆధారాలూ ఇలా లొంగవు. పెద్ద నాట్యశాలలో రెండు రంగుటద్దాల కిటికీల మీద షేక్‌స్పియర్ నాటకాల పంక్తులు రాయించి ఉన్నాయి. ఒకటి చెరలో ఒంటరిగా ఉన్న రెండో రిచర్డ్ మాట, ఇంకొకటి ట్రోయిలస్ నాటకంలో క్రెసిడాను గురించి యులిసీస్ అన్నది. వీటికి భూకంపమూ కీళ్లవాతమూ జవాబు కావు. దెయ్యాలను తికమకపెట్టడానికే కట్టిందనేవాళ్లు, వాటికి షేక్‌స్పియర్ ఎందుకో చెప్పరు మరి.